వాకిటి గంట రాత్రివేళ ఏల మూగవోవును?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వంటి పట్టణములలో వాకిటి గంట సామాన్యముగా 230 వోల్టుల కరెంటుతో నేరుగా మ్రోగును. మీట నొక్కినప్పుడే దానికి విద్యుత్తు కావలెను. తీగతో పనిచేయు వీడియో గంట అట్లు కాదు. దాని కెమెరా రేయింబవళ్లు మేల్కొనియుండును. చాల రకములకు 16 నుండి 24 వోల్టుల ఏకాంతర విద్యుత్తు కావలెను. అట్టి దానిని పాత తీగలకు నేరుగా తగిలించినచో కాలిపోవును; ప్రాణాపాయము కూడ కలదు. నడుమ ట్రాన్స్‌ఫార్మరు ఉండితీరవలెను.

అది ఉన్నను, పగలు పనిచేసి రాత్రి ఆగిపోవు గంటలు కలవు. కారణమేమి? చీకటిలో కెమెరా పరారుణ దీపములను వెలిగించుకొనును, కరెంటు హెచ్చును. అర మిల్లీమీటరు వ్యాసముగల రాగితీగ పోను రాను 40 మీటర్లున్నచో దాని నిరోధము సుమారు 3.5 ఓములు. అర ఆంపియరు ప్రవహించినదనుకొందము. ఓమ్ నియమము ప్రకారము 1.75 వోల్టులు తీగలోనే ఖర్చగును. 16 వోల్టులలో వాకిలి చేరునవి 14.25 మాత్రమే. ఇంటి సరఫరా 184 వోల్టులకు పడిపోయినచో ట్రాన్స్‌ఫార్మరు ఇచ్చునది 12.8, వాకిలి చేరునది సుమారు 11.

కావున గంట పనిచేయుచుండగనే వోల్టుమీటరుతో మొదట ట్రాన్స్‌ఫార్మరు గౌణ తీగచుట్ట వద్ద, పిదప వాకిలి వద్ద కొలువవలెను. కరెంటు ప్రవహింపనిచో తీగలోని నష్టము కనబడదు. రెండుచోట్లను తక్కువైనచో దోషము సరఫరాది లేక ట్రాన్స్‌ఫార్మరుది; వాకిలి వద్దనే తక్కువైనచో తీగది లేక అతుకులది. తీగ వ్యాసము రెట్టింపైనచో నిరోధము నాల్గవ వంతగును. 230 వోల్టుల వైపు పనిని మాత్రము మెయిన్ ఆపి ఎలక్ట్రీషియనే చేయవలెను.

టార్చి సెల్లు, చిన్న బల్బు, పొడవైన సన్నని తీగలతో ఈ నష్టమును తరగతిలోనే నిర్భయముగా చూపవచ్చును.