దుర్భిణి లోపలి అద్దపు పూత

అడవిపొలంలో ఉండే మాబోటి వారికి కోరంగి మడ అడవులు ఎంతో దూరం కావు. 1978లో ప్రభుత్వం వాటిని వన్యప్రాణి సంరక్షణ కేంద్రంగా ప్రకటించింది. చలికాలంలో అక్కడికి వలస వచ్చే పిట్టలను చూపించడానికి, పండుగకు వచ్చిన మన కుటుంబాలవారు పిల్లలకు దుర్భిణులు కొనిపెడుతున్నారు. మెచ్చుకోదగిన పనే. కాని దుకాణంలో పట్టపగలు దివ్యంగా కనిపించిన దుర్భిణి, గౌతమి గట్టున పొద్దువాలే వేళకు మసకబారవచ్చును. పిట్టలు గూటికి చేరేది ఆ వేళకే గదా! ఇందుకు కారణాలు పలు ఉన్నవి. వాటిలో కంటికి కనిపించని ఒకదానిని చదువరులకు మనవి చేస్తున్నాము.

దుర్భిణి ముందరి కటకం బొమ్మను తలక్రిందులు చేస్తుంది. దానిని తిరిగి నిలబెట్టడానికి గొట్టంలో గాజు పట్టకాలు అమరుస్తారు. ఇటలీ దేశస్థుడు పోరో 1854లో ఈ ఉపాయానికి పేటెంటు పొందాడు. జర్మనీలోని జైస్ కంపెనీ 1894లో అటువంటి దుర్భిణులను బజారుకు తెచ్చింది. భుజాలు వెడల్పుగా ఉండే పాతరకం అదే.

ఆ పట్టకానికి పూత అక్కరలేదు. గాజులోని వెలుగు అంచును చాలినంత ఏటవాలుగా తాకితే, బయటికి పోలేక పూర్తిగా లోపలికే మళ్ళుతుంది. హైస్కూలు పుస్తకాలలో దీనినే సంపూర్ణాంతర పరావర్తనం అంటారు. మామూలు గాజుకు ఆ కోణం 41 డిగ్రీలు దాటితే చాలును. పోరో పట్టకంలో అది 45 డిగ్రీలు.

గొట్టాలు తిన్నగా, సన్నగా ఉండే రకం సంగతి వేరు. వాటిలో ఎక్కువగా వాడే స్మిట్-పెకాన్ పట్టకంలో ఒక ముఖం మీద వెలుగు అంత ఏటవాలుగా పడదు. పూత లేకపోతే అక్కడ చాలా భాగం బయటికి జారిపోతుంది. అందుకని ఇంట్లో అద్దం వెనుక రసం పూసినట్లు ఆ ముఖానికి పూత వేయవలసిందే.

ఆ పూతలు మూడు రకాలు. రూపాయి వెలుగు తాకితే అల్యూమినియం పూత సుమారు 90 పైసలు తిరిగి ఇస్తుంది. వెండి పూత 95 పైసలకు పైగా ఇస్తుంది. అయితే కాలి పట్టీలు నల్లబడే గుణం దీనికీ ఉన్నది గనుక, గాలి తగలకుండా కాపాడాలి. మూడవదైన డైఎలెక్ట్రిక్ పూతలో లోహమే లేదు. వెలుగు తరంగంలో ఇంచుమించు నాలుగవ వంతు మందం గల పొరలను పదుల సంఖ్యలో, గాలి తీసివేసిన గదిలో, ఒకదానిపై ఒకటి పేరుస్తారు. ఒక్కొక్క పొర కొంచెం కొంచెం వెలుగును త్రిప్పగా, అన్నీ కలిసి 99 పైసలు దక్కిస్తాయి. శ్రమకు తగినట్లే వెల కూడా ఎక్కువ. పది పైసల తేడా పట్టపగలు తెలియదు. చీకటి పడే వేళకు ప్రతి పైసా లెక్కకు వస్తుంది.

కొనేవారు ముందు కటకం మీది రంగుల నిగనిగ చూసి మురిసిపోరాదు. "మల్టీకోటెడ్" అన్న మాట సామాన్యంగా కటకాల పూతకు సంబంధించినది. పట్టకపు అద్దం సంగతి అది చెప్పదు. సన్నరకం కావాలంటే పట్టకానికి ఏ పూత వేశారో కాగితం మీద చూపమని అడగండి. డబ్బు తక్కువైతే పాతరకమే మేలు. అదే వెలకు సాధారణంగా మంచి బొమ్మ దొరుకుతుంది.

ఏ రకమైనా మన సముద్రపు తేమలో తోలు పెట్టెలో మూసి ఉంచితే బూజు పడుతుంది. సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో భద్రపరచండి. ఎంత మంచి పూత అయినా బూజు ముందు నిలువదు.