ఊపిరితిత్తుల క్యాన్సర్‌ని రక్తం ఎలా పట్టిస్తుంది?

ఊపిరితిత్తుల్లో చిన్న కణితి పుడితే నొప్పి తెలియదు. దగ్గు ముదిరి డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి చాలామందిలో అది పాకిపోయి ఉంటుంది. కానీ రోగనిరోధక వ్యవస్థ దాన్ని ముందే పసిగట్టగలదు! క్యాన్సర్ కణాల్లో పీ53 లాంటి ప్రొటీన్లు రూపు మారి పేరుకుపోతాయి. వాటిని పరాయివనుకుని శరీరం యాంటీబాడీలు తయారుచేస్తుంది.

ల్యాబ్‌లో ప్లాస్టిక్ పలక గుంటల్లో ఆ ప్రొటీన్‌ని అంటించి, రక్తం నుంచి తీసిన సీరం పోస్తారు. యాంటీబాడీలుంటే అతుక్కుంటాయి, కడిగినా పోవు. ఎంజైమ్ తగిలించిన మరో యాంటీబాడీని, ఆపై రసాయనాన్ని వేస్తే రంగు తేలుతుంది. రంగు చిక్కబడితే యాంటీబాడీలు ఎక్కువున్నట్టు.

స్కాట్లండ్‌లో ముప్పు ఎక్కువున్న 12,208 మందిని తీసుకుని, సగం మంది రక్తంలో ఇలా ఏడు యాంటీబాడీల కోసం వెతికారు. పాజిటివ్ వస్తే స్కాన్ తీశారు. రెండేళ్లలో, ముదిరాక బయటపడ్డ కేసులు ఆ సగంలో తక్కువ. అయితే క్యాన్సర్ ఉన్న అందరిలోనూ ఈ యాంటీబాడీలు పుట్టవు. నెగటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని చెప్పలేం.