స్త్రీ సమాజములు – సేవాధర్మము

పరోపకారము మన స్త్రీలకు క్రొత్తగ నేర్పవలసిన విద్య కాదు. పొరుగింట పురుడు వచ్చినను, పెండ్లి తలపెట్టినను, ఎవరికైన జ్వరము తగిలి ఆ పూట పొయ్యి వెలుగకపోయినను పిలువకయే పోయి చేయి సాయము చేయుట మన యాడువారి వాడుక. ఆ సాయమునకు లెక్క లేదు, పేరు లేదు. కాని యొక్క యిల్లాలి దయ యామె వీధిని దాటి పోజాలదు. ఆమెకు జబ్బు చేసిన నాడు ఆ దయయు మంచము పట్టును. పదిమంది యొకచోట జేరి, ఒక దినము నిర్ణయించుకొని, ఒకరు రాలేకపోయిన మరియొకరు పని నడుపునట్లు కట్టుబాటు చేసికొన్నపుడే దయ సేవగా మారును. స్త్రీ సమాజమనగా నింతే.

తెలుగునాట స్త్రీ సమాజములు పుట్టి నూరేండ్లు దాటినవి. వానిలో కొన్ని యేటేట వార్షికోత్సవములు జరిపి, పూలదండలు వేసికొని, ఛాయాపటములు తీయించుకొని నిద్రపోయినవి. కొన్ని తరతరములు నిలిచి ఫలించినవి. ఈ భేదమెందువలన గలిగినది? ధనము చాలకనా? కాదు. పూర్వుల చరిత్రములు పరిశీలించినచో నొక సంగతి స్పష్టముగ గోచరించును. సాయము కోరి వచ్చిన స్త్రీని ఏ సమాజము తుదకు సాయము చేయజాలినదానినిగ తీర్చినదో, ఆ సమాజమే ఫలించినది. చేయి చాచిన స్త్రీ యెన్నటికిని చేయి చాచియే యుండునట్లు చేయు దానము దానమే గాని సేవ కానేరదు.

1902వ సంవత్సరమున మచిలీపట్టణమందు బృందావన స్త్రీ సమాజము వెలసినది. దానిని నెలకొల్పినవారిలో భండారు అచ్చమాంబగారు ముఖ్యురాలు. ఆమె బడికి పోయి చదివినది లేదు. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు చదువుకొనుచుండగా ప్రక్కను గూర్చుండి అక్షరములు నేర్చినది. ఆ యక్షరములతోనే తరువాత "అబలా సచ్చరిత్ర రత్నమాల" యను గ్రంథమును రచించినది. కన్న బిడ్డలిద్దఱును పోయిన దుఃఖమును దిగమ్రింగి, దిక్కులేని పిల్లలను తన యింట బెంచి చదువు చెప్పించినది. పలు పట్టణములకు పోయి, స్త్రీలు సమాజములుగా జేరవలసిన యావశ్యకతను బోధించినది. 1905లో ముప్పది యేండ్ల ప్రాయముననే యామె పరమపదించినది. ఒకరి ప్రక్కను గూర్చుండి నేర్చిన చదువును పదుగురిని ప్రక్కను గూర్చుండబెట్టుకొని పంచియిచ్చుటయే యామె జీవితసారము.

ఇట్టి యాశయమే గుంటూరున 1922లో శారదా నికేతనముగ రూపు దాల్చినది. ఉన్నవ లక్ష్మీనారాయణగారును, వారి ధర్మపత్ని లక్ష్మీబాయమ్మగారును దాని స్థాపకులు. ఆ దినములలో బాలవితంతువు వంటయింటి మూలను గూర్చుండి, పుట్టినింటివారికో యత్తింటివారికో భారమై కాలము గడుపవలసినదే. అట్టివారికి తిండియు బట్టయు నిచ్చి యూరకుండిన, వంటయిల్లు మారినదే గాని వారి బ్రతుకు మారియుండదు. శారదా నికేతనమున సాహిత్యవిద్యయు చేతిపనులును నేర్పి, వారు తమ కాళ్లపై తాము నిలుచునట్లు చేయబూనిరి. భారమనుకొన్న పిల్లయే మరియొకరి భారమును మోయగలదని చూపుట వారి యుద్దేశము.

ఇట్టి కార్యములు మహానగరములలోనే సాధ్యమని తలపరాదు. 1931లో బాపట్లవంటి చిన్న పట్టణమున కనుపర్తి వరలక్ష్మమ్మగారు స్త్రీ హితైషిణీ మండలిని స్థాపించిరి. "శారద లేఖలు" వ్రాసి యింటింటి గృహిణులకు చెలికత్తెయైన యా రచయిత్రి, కలముతో జేసిన బోధ చాలదని యెంచి, మండలిద్వారా గూడ స్త్రీలను మేల్కొలుపబూనినది. నిజాము రాజ్యమున బడిచదువు ఉర్దూలో సాగుచున్న కాలమున, 1928లో మాడపాటి హనుమంతరావుగారి పూనికచే హైదరాబాదు నారాయణగూడలో తెలుగు బాలికల పాఠశాల యేర్పడినది. 1935లో నచటి స్త్రీలే ఆంధ్ర యువతీ మండలిని నెలకొల్పుకొనిరి. పాలన వేఱైనను, పలుకుబడి కొంత భిన్నమైనను, తెలుగు స్త్రీల యాకలి యొక్కటియే యని యిందువలన తెలియుచున్నది.

ఈ ధర్మమును దుర్గాబాయి దేశముఖ్‌గారి జీవితమంత చక్కగ విశదపఱచు చరిత్రము మరియొకటి యరుదు. ఆమె 1909లో రాజమహేంద్రవరమున జన్మించినది. 1921లో గాంధీమహాత్ముడు కాకినాడకు రానున్నాడని విని, పండ్రెండేండ్లైన నిండని యా బాలిక, దేవదాసీలును ఘోషాలోని ముసల్మాను స్త్రీలును ఆయన పలుకులు వినవలెనని పట్టుపట్టినది. అయిదువేల రూపాయల నిధి కూర్చినచో కొలది నిమిషములు కేటాయింతుమని పెద్దలనిరి. అపుడు దేవదాసీలే ముందునకు వచ్చి సొమ్ము కూర్చుటకు తోడ్పడిరి, సభ జరిగినది. లోకము దయతో నైన జూడని స్త్రీలు తమ సభకు తామే యాధారమైరి. 1923లో కాకినాడ కాంగ్రెసు సమయమున ఖద్దరు ప్రదర్శనశాల వాకిట స్వచ్ఛందసేవికగా నిలిచి, టిక్కెట్టు లేదని జవాహర్‌లాల్ నెహ్రూగారినే యామె ఆపిన కథ లోకవిదితమే. సేవికకు వినయమెంత యవసరమో, అప్పగించిన పనియందు నిక్కచ్చియు నంతే యవసరమని యా కథ వలన గ్రహింపవచ్చును.

ఎనిమిదేండ్లకే పెండ్లి జరిగి, పిదప నా బంధము వీడి, ఉప్పు సత్యాగ్రహమున చెఱసాలకు పోయివచ్చిన దుర్గాబాయిగారు ఇంట జదువుకొని కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్ష యందుత్తీర్ణురాలైరి. తనకు దొరికిన యీ త్రోవను తనకే యుంచుకొనలేదు. మద్రాసున 1937లో ఆంధ్ర మహిళాసభను స్థాపించి, బడియీడు దాటిన స్త్రీలను చేర్చుకొని, ఆ పరీక్షకే సిద్ధపఱచిరి. చదువు మానివేసిన గృహిణులును, భర్త విడిచినవారును, వితంతువులును అచట పుస్తకము పట్టిరి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె మొదటి యధ్యక్షురాలైనది. వయసు మీఱిన స్త్రీలు రెండేండ్లలో పరీక్షకు సిద్ధమగు సంక్షిప్త విద్యాప్రణాళిక 1958లో నా మండలి పక్షమున దేశమంతట నారంభమైనది. మద్రాసులోని యొక చిన్న తరగతి యెంత దూరము వ్యాపించినదో చూడుడు!

పల్లెటూళ్ల సంగతి యేమందురా? నెల్లూరు మండలమున 1991లో సంపూర్ణ అక్షరాస్యతోద్యమము నడచినది. రాత్రివేళ దీపము వెలుతురున, పగలెల్ల కూలి చేసి యలసిన స్త్రీలకు స్వచ్ఛంద కార్యకర్తలు అక్షరములు నేర్పిరి. వారి వాచకమున సారా దుకాణమును మూయించిన సీతమ్మ యను పల్లెస్త్రీ కథ గలదు. ఆ కథ చదివిన దూబగుంట స్త్రీలు తమ యూరి సారాను తామే యడ్డుకొనిరి. వర్ధినేని రోశమ్మగారి పేరు ఆ సందర్భమున ప్రసిద్ధికెక్కినది. ఊరినుండి యూరికి పాకిన యా యుద్యమము వలన 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారా నిషిద్ధమైనది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము మాత్రము 1997లో సడలింపబడినది. అయినను అచటి స్త్రీలు కూడిన చేతులు విడువలేదు. తాగుడునుండి మిగిలిన డబ్బును దినమున కొక రూపాయి చొప్పున దాచుకొను పొదుపులక్ష్మి సంఘములు వెలసినవి. నేడాంధ్ర, తెలంగాణ రాష్ట్రములలో స్త్రీల పొదుపు సంఘము లేని గ్రామమరుదు. 2020లో మహమ్మారి వ్యాపించినపుడు ఈ సంఘముల స్త్రీలే కుట్టుయంత్రముల ముందు గూర్చుండి ముఖమునకు గట్టుకొను మాస్కులు వేలకు వేలు కుట్టియిచ్చిరి. అక్షరము నేర్పబోయిన సేవకులు ఊహింపని ఫలమిది!

ఇక మన వాడకు వత్తము. సమాజము పెట్టదలచిన సోదరీమణులు మొదట భవనముకొఱకు చందా పుస్తకము పట్టనక్కఱలేదు. వారమున కొక సాయంకాలము చాలును. ఒకరి వసారా చాలును. వాడలో నెవరికేది యవసరమో మనమే నిర్ణయింపక, వారినే యడుగవలెను. చీర పంచుదమని మనమనుకొందుము. ఆమెకు కావలసినది బ్యాంకు కాగితము చదువగల నేర్పు కావచ్చును, ఆసుపత్రికి తోడు కావచ్చును, బిడ్డను రెండు గంటలు చూచుకొను మనిషి కావచ్చును. సాయము పొందిన స్త్రీని మరుసటి వారము సభకు పిలిచి, ఆమెకు తెలిసిన పని యొకటి యప్పగింపవలెను. ప్రతి కాసునకును లెక్క వ్రాసి నెలనెలా అందఱి యెదుటను చదువవలెను. రెండేండ్లకొకసారి యధ్యక్షురాలు మారవలెను. ఆ పీఠమున ఎన్నడో యొకనాడు మన యంట్లు తోమెడి యామె గూర్చుండినను మనకు మనసు కలుక్కుమనరాదు. అన్నిటికంటె కష్టమైనది యీ కడపటి నియమమే. మన సేవ నిజమైనదో, వేడుకకో యిచటనే తేలును.

ఇంటిపని మాని యీ సంఘములేమని పెద్దలు గొణుగుదురు. వారి మాట బొత్తిగ త్రోసివేయదగినది కాదు. తన యింట జ్వరపడిన బిడ్డను విడిచి వేదిక నెక్కుట సేవ కాదు. కాని వారమున కొక గంట పదుగురి బాగునకై వెచ్చించు తల్లిని చూచి పెరిగిన బిడ్డలు, లోకము తమ గడపతోనే ముగియదని చెప్పకయే నేర్తురు. అత్తగారిని గూడ సభకు తోడ్కొని పోయిన సగము గొణుగుడు తగ్గును. ఆమెకు తెలిసిన చిట్కావైద్యమో, వడియముల పాకమో పదిమందికి చెప్పమనిన మిగిలిన సగమును తగ్గును.

కావున సోదరీమణులారా, ఈ వారమే యొక సాయంకాలము నిర్ణయించుకొనుడు. పొరుగున నలుగురిని పిలువుడు. ఆ నలుగురిలో మనకంటె కష్టపడునది, మనకంటె తక్కువ చదివినది, మన యింటి గడప లోపలికి వచ్చుటకు జంకునది యొకతె యుండవలెను. ఆమెకు చాపమీద మనతో సమానముగ చోటిండు. మంచి సమాజమునకు శంకుస్థాపన అచటనే జరుగును.