మొదటి ఎయిర్ పిస్టల్ కొంటున్నారా? ఎఫ్‌పీఎస్ చూసి నేను చేసిన తప్పు మీరు చేయకండి

ఈ సైట్‌లో నేను ఇప్పటిదాకా రాసినవన్నీ ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకులే. ఈసారి టాపిక్ కాస్త వేరు. ఛార్జింగ్ అక్కర్లేదు, అప్‌డేట్లు రావు, కానీ స్పెక్ షీట్ చూసి మోసపోవడం మాత్రం ఫోన్లలో ఎలాగో ఇందులోనూ అలాగే.

2024 జులై 28, ఆదివారం మధ్యాహ్నం. కొవ్వూరులో మా ఇంట్లో భోజనాలై అందరూ నడుం వాల్చారు, నేను ఫోన్‌లో ప్యారిస్ ఒలింపిక్స్ చూస్తున్నాను. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ఫైనల్లో మను భాకర్‌కి కాంస్యం వచ్చింది. అందరూ ఆ అమ్మాయి మొహం చూస్తుంటే నేను చేతిలో ఉన్న వస్తువు చూశాను. గ్యాడ్జెట్ రివ్యూలు రాసేవాడి జబ్బు ఇదే కదా! సాయంత్రానికి తెలిసింది, అది స్విట్జర్లాండ్ కంపెనీ మొరీని తయారుచేసిన సీఎం 162ఈఐ అని, ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ అని. ఆ క్లాస్ పిస్టల్ మన దగ్గర కొనాలంటే లక్షన్నర పైమాటే అని కూడా తెలిసింది. నా దగ్గరున్నది పదిహేను వేలు.

ముందు చట్టం సంగతి చెప్పేస్తాను, కామెంట్స్‌లో మొదట అడిగేది అదే కాబట్టి. 2016 ఆయుధ నియమాల ప్రకారం .177 క్యాలిబర్, అంటే 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ పిస్టల్, మజిల్ ఎనర్జీ 20 జూల్స్ దాటకపోతే లైసెన్స్ అక్కర్లేదు. .22 అయితే ఎయిర్ గన్ అయినా సరే లైసెన్స్ ఉండాలి. అమ్మేవాళ్లు ఐడీ కాపీ తీసుకుంటారు. లైసెన్స్ అక్కర్లేదంటే నడుముకి పెట్టుకుని గోష్పాద క్షేత్రం ఘాట్ మీద తిరగొచ్చని కాదు. దూరం నుంచి చూసే కానిస్టేబుల్‌కి అది గాలి తుపాకీయా, నిజం తుపాకీయా అని తెలీదు. పిట్టల్ని కొట్టడం వన్యప్రాణి చట్టం కింద నేరం. ఇంటి నుంచి రేంజ్‌కి తీసుకెళ్లేటప్పుడు పెట్టెలో, బిల్లుతో సహా. అంతే.

ఇక నా తప్పు. నేను ఆన్‌లైన్‌లో స్ప్రింగ్ పిస్టల్ ఒకటి తెప్పించాను. బ్యారెల్ విరిచి, స్ప్రింగ్ బిగించి, పెల్లెట్ పెట్టి కాల్చే రకం. పేరు అనవసరం. కొన్న కారణం ఒక్కటే: ఆ ధరలో ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకి పెల్లెట్ ఎన్ని అడుగులు పోతుందనే అంకె, అందరికన్నా దానికే ఎక్కువ. ఎఫ్‌పీఎస్ అనేది ఎయిర్ పిస్టల్స్‌లో మెగాపిక్సెల్ లాంటిదండీ. బాక్స్ మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది, పనికొచ్చేది తక్కువ.

వచ్చిన రోజు పెరట్లో పది మీటర్లు టేపుతో కొలిచి కార్డు పెట్టి కాల్చాను. అరవై షాట్లలో ఇరవై దాకా అసలు కార్డుకే తగల్లేదు. ఒకటి బాగా తగిలితే తర్వాతది జానెడు పక్కకి. నాకే చేతకావట్లేదనుకున్నాను. నాలుగు రోజులకి, మనకి అలవాటైన పనే కదా అని, దాన్ని రివ్యూ చేయడం మొదలెట్టాను.

మొదటి టెస్ట్‌కి లగేజీ తూచే డిజిటల్ కాటా తీసుకున్నాను. హుక్‌ని ట్రిగ్గర్‌కి తగిలించి మెల్లగా లాగి, పేలే క్షణంలో అంకె చూశాను. పదిసార్లు లాగితే 3.1 నుంచి 3.6 కిలోల మధ్య వచ్చింది. పిస్టల్ బరువు 1.1 కిలో. ఇది ఒకసారి ఆలోచించండి. కిలో బరువున్న వస్తువుని ఒంటిచేత్తో గాల్లో కదలకుండా పట్టుకుని, దాని మీదున్న చిన్న మీటని మూడు కిలోల బలంతో నొక్కాలి, అయినా ఆ వస్తువు మిల్లీమీటరు కూడా కదలకూడదు. అంతర్జాతీయ పోటీల్లో ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్‌కి కనీస బరువు 500 గ్రాములు. అందరూ దానికి దగ్గర్లోనే పెట్టుకుంటారు.

రెండో టెస్ట్ ఫోన్‌తో. ట్రైపాడ్ మీద పెట్టి 240 ఫ్రేముల స్లో మోషన్‌లో పక్క నుంచి రికార్డ్ చేశాను. ట్రిగ్గర్ వదలకముందే బ్యారెల్ మూతి కిందకి దిగుతోంది. అది నా వేలి తప్పు. స్ప్రింగ్ వదిలాక పిస్టల్ మొత్తం ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకి ఊగుతోంది. అది దాని తప్పు. బరువైన పిస్టన్ ముందుకి దూకి ఆగేలోపు పెల్లెట్ ఇంకా బ్యారెల్లోనే ఉంటుంది. అందుకే స్ప్రింగ్ పిస్టల్ ప్రతిసారీ ఒకేలా పట్టుకోవాలి, అది కొత్తవాడికి అన్నిటికన్నా కష్టం. చవకగా దొరికేదే అన్నిటికన్నా కష్టమైనది, అది మనకి ఎవరూ చెప్పరు.

మూడోది టెస్ట్ కాదు, బుద్ధితక్కువ పని. కార్డు వెనకాల గోడ పాడవుతోందని పాత ఇనప రేకు ఆనించాను, తిన్నగా. ఒక పెల్లెట్ రేకుకి తగిలి అదే దారిన వెనక్కొచ్చి నా కళ్లజోడు కింద బుగ్గని చీరింది. పెద్ద దెబ్బేం కాదు, రక్తం మాత్రం చొక్కా మీదకి కారింది. అద్దాలు లేకపోతే ఏమయ్యేదో మా అమ్మ ఆ రాత్రంతా చెబుతూనే ఉంది. "ఒరేయ్, నీ కన్ను పోతే ఆ ఫోన్లు ఎవడు చూస్తాడురా?" అంది. నాన్న అయితే ఒక్కటే మాట అన్నారు: నేర్పేవాళ్ల దగ్గర నేర్చుకున్నాకే అది మళ్లీ పెట్టెలోంచి బయటికి రావాలి. కాదనడానికి నా దగ్గర సమాధానం లేదు. పిస్టల్ అటక ఎక్కింది.

నెల తర్వాత పని మీద హైదరాబాద్ వెళ్లినప్పుడు ఫ్రెండ్ సాయంతో ఒక రేంజ్‌కి వెళ్లాను. అక్కడ గంటకి ఇంత అని కడితే వాళ్ల పిస్టల్, వాళ్ల పెల్లెట్లు, పక్కన కోచ్. చేతికిచ్చింది కంప్రెస్డ్ ఎయిర్ మ్యాచ్ పిస్టల్. అలవాటు ఊరుకోదు కదా, "ఎఫ్‌పీఎస్ ఎంతండీ?" అని అడిగాను.

"స్పీడ్ ఎందుకు బాబూ, కార్డేమన్నా పారిపోతుందా?" అన్నారాయన.

నిజమే. మ్యాచ్ పిస్టల్స్ పెల్లెట్‌ని సెకనుకి 150 మీటర్ల చుట్టుపక్కల వేగంతోనే వదులుతాయి, అంటే దాదాపు 500 ఎఫ్‌పీఎస్. అర గ్రాము పెల్లెట్‌కి అది ఆరు జూల్స్ లోపే. చట్టం ఇచ్చిన 20లో మూడో వంతు కూడా కాదు. ఒలింపిక్ పతకాలు ఆ వేగంతోనే వస్తున్నాయి. నా పదిహేను వేల పిస్టల్ బాక్స్ మీద అంకె అంతకన్నా ఎక్కువ!

ఆ గంటలో కోచ్ గారు చెప్పిన ఇంకో విషయం ఇంటికొచ్చి లెక్క వేసి చూశాను. టార్గెట్‌లో పదో రింగు వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, అంటే మన చొక్కా గుండీ అంత. మీ చెయ్యి మొత్తం ఒక సెంటీమీటరు పక్కకి ఊగినా సైట్లు రెండూ ఒక వరుసలో ఉంటే పెల్లెట్ సెంటీమీటరే పక్కకి పోతుంది, తొమ్మిది వస్తుంది. అదే చెయ్యి కదలకుండా ముందు సైట్ వెనక సైట్‌తో ఒక్క మిల్లీమీటరు తప్పితే? రెండు సైట్ల మధ్య దూరం 34 సెంటీమీటర్లనుకుంటే, పది మీటర్ల దూరంలో అది 29 మిల్లీమీటర్లవుతుంది. వచ్చేది ఏడు. చెయ్యి వణకడం అసలు సమస్యే కాదు, ఒలింపిక్ షూటర్ల చెయ్యి కూడా కదులుతుంది. ట్రిగ్గర్ నొక్కేటప్పుడు మణికట్టు తిరక్కుండా ఉండాలి. అందుకే మొదటి పిస్టల్‌లో చూడాల్సినవి ట్రిగ్గరు, పట్టుకునే గ్రిప్పు, ఎడ్జస్ట్ చేసుకునే సైట్లు. మిగతావన్నీ ఆ తర్వాత.

అయితే స్ప్రింగ్ కాకపోతే ఏది? మిగిలినవి మూడు రకాలు.

సీఓటూ రకం చూడ్డానికి అచ్చం సినిమా తుపాకీల్లా ఉంటాయి, యూట్యూబ్‌లో మన కుర్రాళ్లు ఎక్కువ ఇష్టపడేది వీటినే. 12 గ్రాముల చిన్న సిలిండర్ వేసుకోవాలి. సిలిండర్లు కొవ్వూరులో దొరకవు, రాజమండ్రిలో తిరిగినా నాకు దొరకలేదు. అసలు ఇబ్బంది అది కూడా కాదు. కార్బన్ డయాక్సైడ్ 31 డిగ్రీలు దాటితే ద్రవంగా ఉండలేదు. ద్రవం ఆవిరవుతూ ఒకే ప్రెషర్ ఇస్తుందనే లెక్క మీదే ఆ పిస్టల్ పనిచేస్తుంది. మన గోదావరి జిల్లాల్లో ఏడాదిలో సగం రోజులు మధ్యాహ్నం 31 పైనే. మేలో అయితే చెప్పనక్కర్లేదు. ఒక్కో షాట్ ఒక్కో వేగంతో పోతుంది. యూరప్ రివ్యూలు చూసి ఇక్కడ కొనకూడని వస్తువుల్లో ఇది మొదటిది.

కంప్రెస్డ్ ఎయిర్, అంటే పీసీపీ, ఇప్పుడు పోటీల్లో అందరూ వాడేది. దాదాపు 200 బార్ ప్రెషర్‌తో గాలి నింపిన సిలిండర్ ఉంటుంది. స్టయర్, ఫైన్‌వెర్క్‌బావ్, పార్దిని, వాల్తర్, మొరీని పేర్లు వినే ఉంటారు. కొత్తవాళ్ల కోసం హామర్లీ ఏపీ20 లాంటివి కాస్త తక్కువలో తెచ్చారు. అయినా మన బడ్జెట్‌కి అందవు. పైగా గాలి నింపడానికి ప్రత్యేకమైన పంపు కావాలి. టైరు షాపు కంప్రెసర్‌తో అయ్యే పని కాదు. సెకండ్ హ్యాండ్‌లో చాలానే దొరుకుతాయి, కానీ ఒక మెలిక ఉంది: సిలిండర్‌కి ఆయుష్షు పదేళ్లు. తయారీ తేదీ దాని మీదే చెక్కి ఉంటుంది. పాత ఫోన్ కొనేముందు బ్యాటరీ హెల్త్ చూస్తాం కదా, ఇక్కడ ముందు ఆ తేదీ చూడాలి. చవగ్గా వస్తోందని తీసుకుంటే సిలిండర్ల ఖర్చు తర్వాత తెలుస్తుంది.

మూడోది సింగిల్ స్ట్రోక్. నేను తీసుకున్నది ఇదే. పెద్ద లివర్ ఒకటి ఉంటుంది, ప్రతి షాట్‌కీ ఒక్కసారి లాగి మూస్తే లోపల గాలి నొక్కుకుని ఉంటుంది. సిలిండర్ లేదు, పంపు లేదు, ఎండ గొడవ లేదు. ప్రతిసారీ అదే లివర్, అదే గాలి కాబట్టి వేగం మారదు. కాల్చినప్పుడు దాదాపు కుదుపే ఉండదు. జర్మనీ వైరాఖ్ హెచ్‌డబ్ల్యూ40, స్పెయిన్ గామో కాంపాక్ట్, రష్యా బైకాల్ ఐజెడ్‌హెచ్-46ఎం ఈ కోవలోవే. నాకు దొరికింది మూడోది, సెకండ్ హ్యాండ్‌లో. పై చదువులకి విదేశం వెళ్తున్న కుర్రాడు అమ్మేశాడు. నేను అడిగినంత కాదు, అతను చెప్పినంతా కాదు, మధ్యలో తెగింది. మీరు చేతిలో పట్టుకుని ఇది చదువుతున్న ఫోన్ ధర కన్నా బహుశా తక్కువే. పదిహేను వేలకి ఇంకా కలపాల్సి వచ్చింది. దానికోసం నాలుగు నెలలు కొత్త గ్యాడ్జెట్ ఏదీ కొనలేదు, నా పాత ఇయర్‌బడ్స్‌ని అడిగితే చెబుతాయి.

కొనేముందు నేను చూసినవి: లివర్ మూసి రెండు నిమిషాలు ఆగి కాల్చాను, వెంటనే కాల్చిన షాట్‌కీ దీనికీ శబ్దంలో తేడా లేదు, అంటే సీల్ బాగుంది. కాటా పెట్టాను, ట్రిగ్గర్ 520 గ్రాములు. చెక్క గ్రిప్ అరచేతికి కింద నుంచి ఆనేలా జరుపుకోవచ్చు. ఇంకో మంచి విషయం, గాలి నింపకుండా ట్రిగ్గర్ ఒక్కదాన్నే సెట్ చేసి ఖాళీగా నొక్కుతూ ప్రాక్టీస్ చేయొచ్చు. రోజూ సగం సమయం నేను చేసేది అదే, తెల్లగోడ ముందు నిలబడి. పైసా ఖర్చు లేదు. లోపాలు కూడా ఉన్నాయండోయ్. బరువు 1.3 కిలోలు, అదీ ముందుకి వాలుతుంది. అరవై సార్లు లివర్ లాగితే జబ్బలు పీకుతాయి. సీల్ పాడైతే విడిభాగాల కోసం షూటర్ల గ్రూపుల్లో బతిమాలుకోవాలి. చూడ్డానికి నీళ్ల పైపు బిగించే పనిముట్టులా ఉంటుంది. రీల్స్‌కి పనికిరాదు.

ఎడమ చేతివాటం ఉన్నవాళ్లు గ్రిప్ సంగతి ముందే కనుక్కోండి, చాలావరకు కుడి చేతికే వస్తాయి. అసలు ఇవేవీ కొనేముందు లీటరు నీళ్ల సీసా ఒంటిచేత్తో చాపి అర నిమిషం పట్టుకుని చూడండి. అలా రోజుకి ఇరవై సార్లు, రెండు వారాలు. అప్పటికీ కొనాలనిపిస్తే కొనండి.

ఇంట్లో పెరడు సెటప్ మార్చాను. వెనకాల గోదావరి ఇసుక నింపిన బస్తాలు, ముందు పాత చీరలు కుక్కిన చెక్కపెట్టె, దాని మీద కార్డు, నేల నుంచి 140 సెంటీమీటర్ల ఎత్తులో. పెరటి తలుపుకి గడియ, కళ్లకి అద్దాలు, అవి లేకపోతే పెట్టె తియ్యను. పెల్లెట్లు సీసం కాబట్టి అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, అంతవరకు అమ్మ వంటింట్లోకి రానివ్వదు. ఇక్కడి తేమకి ఇనుము ఊరికే తుప్పు పడుతుంది, వాడాక నూనె గుడ్డతో తుడవాల్సిందే.

హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో పదమూడేళ్లకే సీనియర్ నేషనల్స్‌లో ఇదే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ గెలిచింది. ప్యారిస్ క్వాలిఫికేషన్‌లో మను భాకర్ అరవై షాట్లకి 580. నా లెక్క కూడా చెబుతాను, నవ్వకండి. కొత్త పిస్టల్‌తో మొదటి వారం 600కి 447. మూడు నెలల తర్వాత, పోయిన ఆదివారం, 511. అందులో ఒక షాట్ పక్కింటి ప్రెషర్ కుక్కర్ విజిల్‌కి ఉలిక్కిపడి కొట్టిన నాలుగు.

మొదటి పిస్టల్ ఇంకా అటక మీదే ఉంది. పక్కవీధి కుర్రాడు సగం ధరకి అడిగాడు, ఇవ్వలేదు. వచ్చే నెల హైదరాబాద్ వెళ్తున్నాను, వాడిని కూడా రేంజ్‌కి రమ్మన్నాను. వాళ్ల అమ్మగారు ఇంకా ఒప్పుకోలేదు.