పుత్రశోకమునకు పరామర్శ

పుత్రశోకమును మించిన శోకము లేదని పెద్దలందురు. ఆ పుత్రుడు రణరంగమున నేలకొఱగిన వీరుడైనచో, తల్లిదండ్రుల వాకిటికి ఊరెల్ల తరలివచ్చును. పుష్పమాలలు, జయజయధ్వానములు మిన్నుముట్టును. “మీ కుమారుడు అమరుడు; దుఃఖింపదగదు” అని ప్రతివారును పలుకుదురు. ఇందు మొదటి మాట సత్యమే. రెండవ మాట చెప్పుటకు మన కధికారమెక్కడిది?

2020 జూన్ 15వ తేది రాత్రి గల్వాను లోయలో ఇరువదిమంది భారతసైనికులు ప్రాణములర్పించిరి. వారిలో బీహారు రెజిమెంటు 16వ పటాలపు అధిపతి కర్నల్ సంతోష్‌బాబు మన సూర్యాపేటవాడు. కుమారుని త్యాగమునకు గర్వించుచున్నానని, తల్లిగా దుఃఖించుచున్నానని ఆ మాతృమూర్తి యొకే నోట పలికెను. ఆమె గర్వమునకు 2021లో దేశమర్పించిన మహావీరచక్రము తగిన సమాధానము. ఆమె దుఃఖమునకు ఏ పతకమును సమాధానము కానేరదు.

ఈ రహస్యమును భారతమున స్త్రీపర్వము చక్కగ నెఱిగించుచున్నది. కుమారులను కోల్పోయిన ధృతరాష్ట్రునకు విదురుడంతటి జ్ఞాని తత్త్వము బోధించెను; వృద్ధరాజు మూర్ఛిల్లెను. గాంధారి కురుక్షేత్రమునకేగి హతులను పేరుపేరున చూపుచు విలపింపగా, శ్రీకృష్ణుడు చెంత నిలిచి వినెను. ఆమె శపించినను ప్రతిశాపమీయలేదు. పిమ్మట ధర్మరాజు, దిక్కులేనివారికి సయితము, దహనసంస్కారములు జరిపించెను.

పాశ్చాత్యదేశమునను శోకమునకు గడువు లేదు. జర్మనీదేశపు శిల్పకారిణి కేథే కోల్విట్జ్ కుమారుడు పీటర్ పదునెనిమిదేండ్ల ప్రాయమున, 1914 అక్టోబరులో, బెల్జియమున హతుడయ్యెను. అతడు సైన్యమున చేరుటకు తండ్రిని ఒప్పించినది ఆ తల్లియే. కుమారునికై ఆమె సంకల్పించిన స్మారకము 1932లో గాని పూర్తికాలేదు. అందు వీరుని ప్రతిమ లేదు. మోకరిల్లిన తల్లియు తండ్రియు, ఎవరి దుఃఖమున వారు, వేఱువేఱుగ నున్నారు. ఆ విగ్రహములు నేడు బెల్జియమున వ్లాడ్‌స్లో సైనికశ్మశానమున నున్నవి.

కావున పరామర్శ యొకనాటి పని కాదు. శవపేటిక వచ్చిన నాడు వేలమంది వత్తురు. మాసికమునాడు, పండుగనాడు, ఆబ్దికమునాడు పదుగురైన పోవలెను. ఆ యింట కుమారుని పేరెత్తుటకు వెఱవరాదు. ఆ పేరు వినుటయే వారికి మిగిలిన భాగ్యము. తోడి సైనికులు అతని తుదిగడియలనుగూర్చి తల్లిదండ్రులడిగినంత మేర సత్యము చెప్పవలెను. పింఛను కాగితములకై, భూమి వ్యవహారములకై ఆ వృద్ధులు కచేరీల చుట్టు ఒంటరిగ తిరుగకుండ, చదువరులును భూస్వాములును వెంట నడువవలెను.

వీరమాత కన్నీరు దేశభక్తికి కొఱత గాదు. ఆమెను ఏడువనిచ్చి, ఆ యేడ్పు ముగియువఱకు చెంత కూర్చుండుట మన విధి.