కళాసి సంతకం పెట్టిన కాగితం

తొమ్మిదో తరగతిలో వర్తకం గురించి చెబుతూ మేం ఒకరోజు పాఠం దాటి కాస్త పక్కకు పోయాం. కొత్తగా స్వతంత్రమైన అమెరికా నుంచి మొదటి ఓడ 1784 చివర్లో పుదుచ్చేరికి వచ్చింది. ఆ తర్వాత బోస్టన్, సేలం వర్తకులు (తమిళనాడు సేలం కాదు, మసాచుసెట్స్‌లోనిది) మద్రాసు, కలకత్తా రేవుల్లో నేతబట్టలు కొని ఓడలకెత్తుకుపోయేవారు. ఇంతవరకు చెప్పామో లేదో వెనక బెంచీ నుంచి ప్రశ్న వచ్చింది: "సార్, ఓడ మీద పనిచేసెటోళ్లకు పగారు ఎప్పుడిస్తరు?"

భివండీ పిల్లలు అడగాల్సిన ప్రశ్నే. జవాబు కోసం మేం నాలుగు రోజులు చదవాల్సి వచ్చింది.

అమెరికా 1790లో నావికుల కోసం ఒక చట్టం చేసింది. ఓడ బయల్దేరకముందే ఎక్కడికి పోతున్నదీ, ఎంతకాలమన్నదీ కాగితం మీద రాసి కెప్టెన్ నావికులతో సంతకాలు పెట్టించాలి. కాగితం లేకుండా తీసుకుపోతే, గడిచిన మూడు నెలల్లో ఆ రేవు నుంచి అలాంటి ప్రయాణానికి ఇచ్చిన జీతాల్లో అన్నిటికన్నా ఎక్కువది ఇవ్వాలి. సరుకు దించిన ప్రతి రేవులో, అప్పటికి రావలసిన దాంట్లో మూడో వంతు నావికుడు అడగవచ్చు. 150 టన్నులు గానీ అంతకు మించి గానీ ఉండి, పదిమందికి తగ్గకుండా మనుషులతో పరదేశానికి పోయే ఓడలో మందుల పెట్టె ఉండాలి.

బాగానే ఉందనిపిస్తుంది. అదే చట్టం, చెప్పకుండా 48 గంటలకు మించి ఓడ విడిచిపోతే చేసిన పని జీతమంతా పోతుందనీ చెప్పింది. పారిపోయినవాణ్ని జైల్లో పెట్టి మళ్లీ ఓడెక్కించవచ్చు. వర్తక ఓడల మీద కొరడా దెబ్బలు 1850 దాకా నిషేధం కాలేదు. పని విడిచిపోయినందుకు జైలు అన్నది 1915 చట్టంతో గానీ తొలగలేదు.

"మరి మనోళ్లు ఓడలెక్కలేదా సార్?" ఎక్కారు. గోదావరి పాయ మీద, యానాం దగ్గర కోరంగి ఉంది. ఓడలు కట్టిన ఊరు, మరమ్మతు చేసిన ఊరు. 1789లో ఒకసారి, 1839లో ఒకసారి తుపాను దాన్ని ముంచేసింది. రేవు మేట వేసింది, వర్తకం కాకినాడకు జరిగింది. ఊరు చిన్నదైపోయినా పేరు మాత్రం సముద్రం దాటింది. రంగూన్‌లో తెలుగు కూలీలను కోరంగీలనే పిలిచేవారు.

ఈస్టిండియా కంపెనీ కాలం నుంచీ బ్రిటిష్ ఓడల్లో మనదేశపు నావికులను లస్కర్లు అనేవారు. వాళ్లను పోగుచేసేది సరంగు. అడ్వాన్సు ఇచ్చేది, జీతంలో తన వాటా పట్టుకునేది కూడా చాలాసార్లు అతనే. సరంగు కింద తండేలు, తండేలు కింద కళాసి. ఈ మూడు మాటలూ తెలుగులో ఇప్పటికీ బతికే ఉన్నాయి: గోదావరి పడవల మీద సరంగు, రైల్వేలో కళాసి. ఇక తండేలు మొన్నటి సినిమాతో పిల్లలందరికీ తెలిసింది. అడ్వాన్సు సంగతి మేం విడమర్చి చెప్పనే లేదు. "ముకాదం లెక్క" అని వాళ్లే అన్నారు.

ఇక్కడ సేలం కుర్రాడు నథానియల్ బౌడిచ్ కథ చెబుదామనుకున్నాం. పీపాలు చేసేవాడి కొడుకు. పదేళ్లకు బడి మానేశాడు, పన్నెండేళ్లకు ఓడ సామాన్ల దుకాణంలో పనికి కుదిరాడు. న్యూటన్ పుస్తకం చదవడానికి లాటిన్ తనంతట తానే నేర్చుకున్నాడు. ఓడ దారి లెక్కల పుస్తకంలో వేల తప్పులు పట్టుకుని, 1802లో తన పుస్తకం అచ్చువేశాడు. ప్రయాణాల్లో మామూలు నావికులకు కూడా చంద్రుణ్ని చూసి దారి కొలిచే లెక్క నేర్పాడు.

చెప్పబోయి ఆగాం. దీపావళికి ఊరెళ్లి తిరిగొచ్చాక ఒక పిల్లవాడు బడికి రావడం మానేశాడు, సాంచల మీద నిలబడుతున్నాడు. ఈ కథ వింటే మిగతావాళ్లకు బడి మానినా ఫరవాలేదనిపిస్తుందేమో. బౌడిచ్‌కు ఆ ఊళ్లో ఒక మంచి గ్రంథాలయం తలుపు తెరిచింది. పన్నెండు గంటలు సాంచల చప్పుడులో నిలబడి వచ్చినవాడికి ఏ తలుపు తెరుచుకుంటుంది? చివరకు ఈ సంగతి కూడా కలిపే కథ చెప్పాం.

ఆ వారం ఇంటిపని ఒక్కటే ఇచ్చాం: ఇంట్లో పగారు లెక్క కాగితం ఏదైనా ఉంటే తెండి, లెక్కల పీరియడ్‌లో కూడుదాం. నలుగురే తెచ్చారు. కొందరి ఇళ్లలో అసలు కాగితమే లేదు, అంతా నోటిమాట. తెచ్చినవాటిలో మూడు హిందీలో ఉన్నాయి. నాలుగోది తెలుగులో, పాత నోటుబుక్కులో, పెన్సిల్‌తో. రాత్రి భర్త వచ్చి ఎన్ని మీటర్లు దిగాయో చెబితే ఆమె రాసిపెట్టుకున్న లెక్క. పిల్లలు మూడుసార్లు కూడారు. సేటు లెక్కకన్నా 42 మీటర్లు ఎక్కువే వచ్చింది. ఆ అమ్మాయి కూడికను వేరే కాగితం మీద శుభ్రంగా రాసుకుంది. "బాపుకు చూపిస్త సార్, అడుగుతడో లేదో తెల్వదు" అంది.