క్రొత్త ట్రక్కు ఎవరికి? — యాజమాన్య శిక్షణలో పాత్రాభినయం

ఒక టెలిఫోను కంపెనీలో ఐదుగురు మరమ్మతు పనివారు, వారిపైన ఒక ఫోర్‌మన్ ఉన్నారు. పనివారిలో ప్రతి ఒక్కరికీ ఒక ట్రక్కు ఉన్నది. పనిముట్లు అందులో వేసుకొని, చెడిపోయిన టెలిఫోనులను ఊరంతా తిరిగి బాగుచేసి రావటం వారి ఉద్యోగం. ఒకనాడు కంపెనీ ఈ జట్టుకు ఒక క్రొత్త ట్రక్కును పంపింది. దానికి బదులుగా పాతవాటిలో ఒకదానిని తీసివేయాలి. మరి క్రొత్తది ఎవరికి ఇవ్వాలి? ఇదివరలో ఇట్లాంటి సమయాలలో ఫోర్‌మన్ తనకు న్యాయమని తోచినట్లే చేశాడు. కాని ఎవరికి ఇచ్చినా తక్కినవారు తమకు అన్యాయం జరిగిందనే అనుకొన్నారు.

ఇది ఎక్కడో జరిగిన సంఘటన కాదు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రాచార్యులుగా పనిచేసిన నార్మన్ మైయర్ (1900–1977) ఫోర్‌మన్‌ల శిక్షణ కొరకు కల్పించిన అభ్యాసం. అభ్యాసంలో పాల్గొనే ఆరుగురికి ఆరు కాగితాలు ఇస్తారు. ఎవరి కాగితం వారే చదువుకోవాలి, పక్కవానికి చూపరాదు. నాటకంలో వలె వ్రాసి ఇచ్చిన సంభాషణలు ఇందులో ఉండవు. ఎవరు ఎవరో, వారి మనస్సులో ఏమున్నదో మాత్రమే కాగితం చెబుతుంది. కాగితం మడిచి పక్కన పెట్టిన తరువాత మాటలు ఎవరికి వారే కల్పించుకోవాలి. దీనినే పాత్రాభినయం అంటారు.

ఆ కాగితాలలో ఏమున్నదో కొంచెం నిదానంగా చూడాలి. జార్జి 17 సంవత్సరాలుగా పనిచేస్తున్నాడు, అందరికంటె పెద్ద. అతని ఫోర్డు ట్రక్కు వయస్సు రెండేళ్ళే, కాని అది అతనికి నచ్చలేదు. అనుభవాన్ని బట్టి క్రొత్తది తనకే రావాలని అతని వాదం. బిల్‌ది 11 సంవత్సరాల అనుభవం, ఐదేళ్ళ డాడ్జి బండి. తనకంటె పెద్దవానికి ఇప్పటికే మంచి బండి ఉన్నది కనుక తరువాతి వంతు తనదని అతడు అనుకొంటున్నాడు. పదేళ్ళ అనుభవం గల జాన్ శివారు పేటలలో పనిచేస్తాడు. తక్కినవారిలో చాలమంది కంటె ఎక్కువ దూరం తిరిగేవానికి నాలుగేళ్ళ పాత బండి ఏమిటని అతని ప్రశ్న. ఐదేళ్ళ అనుభవం గల చార్లీ బండికి తలుపు సరిగా మూసుకోదు. చలిగాలి లోపలికి కొట్టి అతనికి తరచు జలుబు చేస్తున్నది. హాంక్ అందరికంటె చిన్న, మూడేళ్ళ క్రితం చేరినవాడు. అతని పాలబడినది ఒకప్పుడు పెద్ద ప్రమాదంలో చితికిన బండి.

ఇప్పుడు ఆ తలుపు సంగతి. హాంక్ తన బండిని వెనుకకు నడిపి గుద్దటం వల్లనే తన తలుపు చెడిందని చార్లీ కాగితం చెబుతుంది. హాంక్ కాగితంలో సంగతి వేరు. అతడు బండిని వెనుకకు తీస్తుండగా చార్లీ తలుపు తెరిచాడు, అందుచేత తగిలింది. అది తప్ప తన పేర ఒక్క ప్రమాదం కూడ లేదని హాంక్ గర్వపడుతున్నాడు. ఇద్దరూ అబద్ధం ఆడటం లేదు. చూచిన చోటు వేరు, అంతే. ఇటువంటి తగవు ఉన్నదని ఫోర్‌మన్ కాగితంలో ఒక్క మాట కూడ లేదు. ఎవరి అనుభవం ఎన్నేళ్ళు, ఎవరి బండి వయస్సు ఎంత వంటివి మాత్రమే అతనికి తెలుసు. పై అధికారుల వద్ద లెక్కలు సాధారణంగా ఇట్లాగే ఉంటాయి.

అయితే ఫోర్‌మన్‌కు ఒక సూచన ఉన్నది. ఈసారి తాను తీర్పు చెప్పక, ఏది న్యాయమో పనివారినే చర్చించి తేల్చుకొమ్మని అతడు అడగాలి. ఈ సూచనను పాటించటమే అందరికంటె కష్టమైన పాత్ర. చాలమంది ఫోర్‌మన్‌లు రెండు నిమిషాలు ఓపిక పట్టి, మూడవ నిమిషంలో తమ తీర్పును సలహా రూపంలో దూర్చివేస్తారు. ఓపిక పట్టినవారి జట్టులో మరొకటి జరుగుతుంది. క్రొత్త బండి ఒకనికి, అతని పాతబండి మరొకనికి, అతనిది ఇంకొకనికి అని గొలుసుకట్టుగా మార్చుకొంటే ముగ్గురు నలుగురు బాగుపడతారని, చార్లీ తలుపును బాగుచేయించవచ్చునని ఎవరో ఒకరికి తోస్తుంది. ఫోర్‌మన్ ఒంటరిగా కూర్చుంటే ఈ ఉపాయం తట్టటం కష్టం, తలుపు సంగతే అతనికి తెలియదు కదా. ఒక నిర్ణయంలో రెండు గుణాలను వేరువేరుగా చూడాలని మైయర్ వాదించారు: అది ఎంత మంచిది, దానిని అమలుచేయవలసినవారు ఎంత మనస్ఫూర్తిగా ఒప్పుకొన్నారు. ట్రక్కు విషయంలో రెండవదే ముఖ్యం.

శిక్షణకు వచ్చినవారు ఎందరున్నా ఆరేసి మందిగా విడదీసి అన్ని జట్లను ఒకేసారి ఆడించే పద్ధతిని కూడ మైయర్, ఆయన సహచరుడు 1952లో ప్రకటించారు. అరగంట తరువాత జట్ల నిర్ణయాలను నల్లబల్ల మీద వ్రాస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. కాగితాలు ఒక్కటే, నిర్ణయాలు మాత్రం వేరువేరు. సరియైన జవాబు పుస్తకం చివర ఉంటుందని అలవాటుపడినవారికి ఇది మొదట మింగుడుపడదు.

పాత్రాభినయానికి మూలం నాటకశాలలోనే ఉన్నది. బుఖారెస్టులో 1889లో పుట్టి, వియన్నాలో వైద్యుడైన జేకబ్ మొరినో 1920 తరువాత అక్కడ ఒక విచిత్ర నాటకశాలను నడిపారు. అందులో వ్రాసిన నాటకం లేదు, నటులు అప్పటికప్పుడే మాటలు కల్పించుకోవాలి. 1925లో అమెరికాకు వెళ్ళిన తరువాత ఆయన దీనిని మానసిక చికిత్సకు ఉపయోగించారు. ఈ పద్ధతి చికిత్సాలయం నుండి కర్మాగారానికి నడిచింది. యాజమాన్య శిక్షణలో పాత్రాభినయాన్ని గురించి అలెక్స్ బావెలస్ 1947లోనే ఒక వ్యాసం ప్రకటించారు.

మన పెద్దలు కథలలో చెప్పే పరకాయ ప్రవేశం ఇక్కడ గుర్తుకు రావచ్చు. కాని ఇతరుని వేషం వేసినంత మాత్రాన మనస్సు ఎందుకు మారాలి? దీనిని పరీక్షించినవారు ఉన్నారు. ఇర్వింగ్ జేనిస్, బెర్ట్ కింగ్ అనే శాస్త్రజ్ఞులు 1954లో కళాశాల విద్యార్థులను ముగ్గురేసి చొప్పున కూర్చోబెట్టి, ఒక్కొక్కరిని ఒక్కొక్క విషయాన్ని సమర్థిస్తూ మాట్లాడమన్నారు. మూడు విషయాలలో రెండింటి మీద, విన్నవారికంటె మాట్లాడినవారి అభిప్రాయమే ఎక్కువగా మారింది. 1956లో వారే మరొక ప్రయోగం చేశారు. కొందరు వాదాన్ని కాగితం చూచి పైకి చదివారు. కొందరు ముందు మనస్సులో చదువుకొని, తరువాత సొంత మాటలలో కల్పించి చెప్పారు. తమ ప్రసంగం బాగున్నదని తృప్తిపడినవారు చదివినవారే. అభిప్రాయం ఎక్కువగా మారింది మాత్రం తడబడుతూ కల్పించి చెప్పినవారికి! వక్తృత్వపు పోటీలకు పిల్లల చేత ప్రసంగాలు బట్టీ పట్టించే ఉపాధ్యాయులు ఈ ఫలితాన్ని ఒకసారి ఆలోచించదగును.

అభిప్రాయం మారటం వేరు, పనితీరు మారటం వేరు. దానికి కూడ సాక్ష్యం ఉన్నది. గేరీ లేథమ్, లీస్ సారీ 1979లో ప్రకటించిన పరిశోధనలో 40 మంది ఫోర్‌మన్‌లు ఉన్నారు. 20 మందికి వారానికి రెండు గంటల చొప్పున తొమ్మిది వారాలు శిక్షణ ఇచ్చారు. ముందు ఒక చలనచిత్రం చూపేవారు, తరువాత చర్చ, ఆపైన ప్రతి ఒక్కరూ తన పనిలో ఎదురైన చిక్కునే పాత్రాభినయంగా ఆడి తోటివారి అభిప్రాయాలు వినేవారు. సంవత్సరం తరువాత చూస్తే శిక్షణ పొందినవారి పనితీరు తక్కిన 20 మందికంటె మెరుగుగా ఉన్నట్లు తేలింది. పిదప రెండవ జట్టుకు కూడ శిక్షణ ఇచ్చేసరికి ఆ తేడా పోయింది. శిక్షణ లేనివారిలో కొందరికి సూత్రాల పట్టికను మాత్రం చేతికిచ్చి చూచారు. అది చాలలేదు. ఈత గురించి చదివినవాడు నీటిలో దిగినట్లే అయింది వారి పని.

ఇటువంటి శిక్షణతో తెలుగుదేశానికి కూడ ఒక సంబంధం ఉన్నది. హార్వర్డు విశ్వవిద్యాలయపు డేవిడ్ మెక్లెలండ్ బృందం 1964లో మొదలుపెట్టిన ప్రయోగంలో కాకినాడ వ్యాపారులు హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థకు వచ్చారు. అక్కడ వారు ఆడిన ఆటలలో ఒకటి, నాటిన కొయ్యకు వలయాలు విసరటం. ఎంత దూరం నుండి విసరాలో ఎవరికి వారే నిర్ణయించుకోవాలి. మరీ దగ్గర నిలబడేవాడు ఎవరు, గురి కుదరనంత దూరం పోయేవాడు ఎవరు, శ్రమిస్తే అందేంత దూరం ఎంచుకొనేవాడు ఎవరు అన్నది అందరికీ కనిపిస్తుంది. తన వ్యాపార స్వభావాన్ని ఆ వ్యాపారి అక్కడ కళ్ళారా చూచుకొంటాడు. పోలిక కొరకు రాజమండ్రిని తీసుకొన్నారు. ఆ ప్రయోగ వివరాలు 1969లో గ్రంథంగా వెలువడినవి.

పాత్రాభినయంలో ప్రమాదాలు లేకపోలేదు. నిజంగా పై అధికారి, క్రింది ఉద్యోగి అయిన ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి, ఉన్న తగవునే ఆడమంటే అది అభ్యాసం కాదు, పంచాయతీ అవుతుంది. మరునాడు ఇద్దరూ ఒకే గదిలో పనిచేయాలి. మైయర్ ట్రక్కు కథను కల్పించటంలోని తెలివి ఇదే. అందరూ తమ చిక్కులను పోల్చుకోవచ్చు, కాని అది ఎవరిదీ కాదు. మరొక చిక్కు, కొందరు చూచేవారిని నవ్వించటానికి పాత్రను వెక్కిరింతగా మార్చివేస్తారు. హాంక్ వేషం వేసినవాడు హాస్యగాడైతే ఆ జట్టు నేర్చుకొనేది ఏమీ ఉండదు. నటనాకౌశలం ఇక్కడ ఉపకారం కంటె అపకారమే ఎక్కువ చేస్తుంది. అన్నిటికంటె పెద్ద లోపం, ఆట ముగియగానే గంట కొట్టి లేచిపోవటం. చర్చ లేని పాత్రాభినయం కేవలం కాలక్షేపం.

ఉన్నత పాఠశాలలో దీనిని చేయటానికి ఖర్చు లేదు. 42 మంది ఉన్న తరగతిలో ఏడు జట్లు అవుతాయి. ట్రక్కుకు బదులు ప్రయోగశాలకు వచ్చిన ఒక క్రొత్త సూక్ష్మదర్శినిని పెట్టుకొని కాగితాలను క్రొత్తగా వ్రాసుకోవచ్చు. ఒక పాత తలుపు వంటిది మాత్రం ఇద్దరి కాగితాలలోను ఉండాలి. ఆట ముగిసిన తరువాత విద్యార్థులను పాత్రల పేర్లతో కాక వారి సొంత పేర్లతో పిలవాలి, లేకుంటే ఆ కోపతాపాలు బడి వదిలిన తరువాత కూడ వెంట వస్తాయి. తరువాత ఎవరు తృప్తిపడ్డారో, ఎవరు పడలేదో చేతులెత్తించి, ఆ లెక్కను నల్లబల్ల మీద ప్రతి జట్టు నిర్ణయానికి ఎదురుగా వ్రాయాలి. చివరకు తలుపు చెడగొట్టినది ఎవరని అడగాలి. ఏడుగురు చార్లీలు ఒక పేరు, ఏడుగురు హాంకులు మరొక పేరు చెప్పిన తరువాత, ఆ రెండు కాగితాలను మొదటిసారిగా అందరి ఎదుట పైకి చదివించాలి.